డీజిల్ మెకానిక్ పని: ఐటీఐలో చేరాలా, నేరుగా షెడ్డుకు పోవాలా?

వెల్దుర్తి_కుర్రోడు | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది కర్నూలు జిల్లా, వెల్దుర్తి దగ్గర పల్లె. వయసు 19. పది పాసయ్యాను. ఇంటర్‌లో లెక్కలు రెండుసార్లు పోయాయి. మూడోసారి రాసే ఓపిక నాకు లేదు, ఫీజు కట్టే ఓపిక మా నాయనకు లేదు. నాయన లారీ డ్రైవర్. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో తిరిగేవాణ్ణి కాబట్టి ఇంజన్ అంటే భయం లేదు, ఇష్టమే.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఐటీఐలో డీజిల్ మెకానిక్. రెండోది డోన్‌లో నాయనకు తెలిసిన మేస్త్రీ షెడ్డు. రేపే రమ్మంటున్నాడు, రోజుకు 200 ఇచ్చి మధ్యాహ్నం అన్నం పెడతాడంట. అమ్మేమో "అన్నీ కరెంటు బండ్లు వస్తాండాయి, ఇప్పుడు డీజిల్ పని నేర్చుకుని ఏం చేస్తావు" అంటోంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | మంగళవారం రాత్రి 10:15

అబ్బీ, నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసి షెడ్డుకు పోయినవాణ్ణి. ఇప్పటికి 28 ఏండ్లు. మొదటి ఏడాదంతా ట్రేలో డీజిల్ పోసి నట్లు బోల్టులు కడగడం, అడిగిన పానా అందియ్యడం, టీ తేవడం. అంతే. కానీ ఆ కడగడంలోనే ఏ బోల్టు ఎక్కడిదో చేతికి తెలిసిపోయింది.

రెండో ఏడు చివర్లో మా మేస్త్రీ మొదటిసారి టాపెట్ (వాల్వుల సందు సరిచేసే పని) నా చేతికిచ్చాడు. ఆరు సిలిండర్ల ఇంజన్. ఒకటో సిలిండర్‌ను టాప్‌కు తెచ్చి, ఆరోదాని రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) ఊగుతున్నాయా లేదా చూడమన్నాడు. ఊగుతుంటే ఒకటోది కంప్రెషన్ మీద ఉన్నట్టు, దాని రెండు వాల్వులూ సెట్ చేసుకోవచ్చు. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు లోపల పెట్టి లాగితే పట్టీ పట్టనట్టు రావాలి. నేను గట్టిగా బిగించేశా. ఆయన తిట్టలేదు. ఆకు నా చేతికిచ్చి, నా చెయ్యి మీద ఆయన చెయ్యి పెట్టి లాగాడు. ఆ లాగుడు ఇప్పటికీ నా వేళ్లలో ఉంది. ఇది ఏ క్లాసులో చెప్తారు?

షెడ్డుకే పో. నా దగ్గరికొచ్చిన ఐటీఐ పిల్లోళ్లలో 17 బోల్టుకు 19 పానా వేసినవాళ్లను చూసినా.

ఐటీఐ_సారు | బుధవారం ఉదయం 7:05

మేస్త్రీ గారన్నదాంట్లో నిజం ఉంది. కొన్ని ప్రైవేటు ఐటీఐల్లో ఇంజన్ గోడమీది బొమ్మలోనే కనిపిస్తుంది. అట్లని సర్టిఫికెట్ వద్దనుకోవడం తప్పు.

తమ్ముడూ, మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు. మెకానిక్ మోటార్ వెహికల్ రెండేండ్లు. మెకానిక్ ట్రాక్టర్ కూడా ఏడాదే. పది పాసైతే చాలు, నీ ఇంటర్ లెక్కల జోలికి ఎవరూ రారు. చేరేముందు ఒక్కటే చూసుకో: నువ్వు చేరే కాలేజీలో ఆ ట్రేడుకు ఎన్‌సీవీటీ (కేంద్రం వాళ్ల వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉందా లేదా. కాలేజీకి ఉండడం వేరు, ట్రేడుకు ఉండడం వేరు. దాంతోపాటు వర్క్‌షాపు తలుపు తీయించి చూడు. నేల మీద నూనె మరక లేకపోతే అక్కడ పని జరగడం లేదని అర్థం.

ఆ కాగితం ఉంటేనే ఆర్టీసీలో అప్రెంటిస్‌కు పెట్టుకోగలవు. మన నాలుగు పాత జిల్లాల్లో కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరున్న ఆర్టీసీ ట్రైనింగ్ కాలేజీ నుంచే నోటిఫికేషన్ వస్తుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు కూడా పదితోపాటు ఐటీఐ ఉండాలి, డీజిల్ ట్రేడు ఆ జాబితాలో ఉంది. కొన్ని ట్రేడులకు బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి పోయే దారీ ఉంది. షెడ్డులో పదేండ్లు చేసినా ఈ తలుపులు తెరుచుకోవు.

వెల్దుర్తి_కుర్రోడు | బుధవారం ఉదయం 8:30

సార్, ఆర్టీసీలో అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం ఇస్తారా?

ఐటీఐ_సారు | బుధవారం ఉదయం 8:52

ఇవ్వరు. స్టైపెండ్ ఇస్తారు, ఆఖర్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యోగం గ్యారంటీ అని ఎవడైనా డబ్బులడిగితే నమ్మొద్దు. కానీ డిపోలో రోజూ వరసపెట్టి బస్సులు వస్తాయి. బ్రేకు, క్లచ్, రేడియేటర్, ఇంజన్ అని సెక్షన్లుగా పని ఉంటుంది. ఏడాదిలో అన్ని బస్సులు చూసే అవకాశం బయట దొరకదు.

ల్యాప్‌టాప్_మెకానిక్ | బుధవారం మధ్యాహ్నం 1:20

భోజనం చేస్తూ రాస్తున్నా. నేను కడపలో ఒక లారీల షోరూం సర్వీసులో ఆరేండ్లు చేసి, ఇప్పుడు సొంతంగా బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టుకుని తిరుగుతున్నా. చేరినప్పుడు నా జీతం 12,000. అది చెప్పకుండా షోరూం గొప్పలు చెప్పడం అన్యాయం.

తమ్ముడూ, నీ ప్రశ్నలో అసలు సంగతి తప్పిపోయింది. ఐటీఐయా, షెడ్డా అన్నది చిన్న తగువు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ఈ పని రెండు ముక్కలైంది. పాత ఇంజన్‌లో పంపు ఎంత తోస్తే అంత డీజిల్ పోయేది, లోపాన్ని చెవితో విని పట్టేసేవాళ్లం. ఇప్పుడు కామన్ రైల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే గొట్టం) 1,600 బార్, ఆపైన ఒత్తిడి ఉంటుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. పొగ గొట్టంలో మసి పట్టే డీపీఎఫ్, దాని తర్వాత పొగలోని విషవాయువు తగ్గించడానికి డీఈఎఫ్ అనే యూరియా ద్రవం చల్లే ఎస్‌సీఆర్, ముందూ వెనకా సెన్సార్లు. లైటు వెలిగిందంటే డ్రైవర్‌కు టెన్షన్, ఓనర్‌కు ఖర్చు. పాత మేస్త్రీలకు ఈ బండి ఎక్కాలంటేనే విసుగు. అందుకే ఈ పని తెలిసినవాడికి ఇప్పుడు గిరాకీ ఉంది.

మేస్త్రీ గారూ, కోపం తెచ్చుకోకండి. ఒక మాట అడుగుతా. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే (డీజిల్ సరిగ్గా మండకపోతే) మీరు ఎట్లా పడతారు?

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | బుధవారం మధ్యాహ్నం 2:45

కోపమెందుకప్పా. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే రొంత వదులు చేస్తా. ఏది వదిలితే చప్పుడు మారదో అదే చచ్చిన సిలిండర్. రెండు నిమిషాల పని.

ల్యాప్‌టాప్_మెకానిక్ | బుధవారం మధ్యాహ్నం 3:10

నేను భయపడేది ఆ రెండు నిమిషాలకే. కామన్ రైల్ బండి నడుస్తుండగా ఆ నట్టు వదిలితే సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు చుక్క కనబడుతుంది, అంతే. గంటల్లో చెయ్యి వాస్తుంది. ఆపరేషన్ ఆలస్యమైతే వేలే పోవచ్చు. కారుతుందేమోనని చేత్తో తడిమి చూడడం కూడా అంతే ప్రమాదం, అట్టముక్క పెట్టి చూడాలి. తమ్ముడూ, ఇది మాత్రం గోడమీద రాసిపెట్టుకో.

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | బుధవారం రాత్రి 9:30

ఈ మాట రాయాలా వద్దా అని పొద్దుట్నుంచి ఆలోచించినా. మూడేండ్ల కింద మా షెడ్డులోనే ఒక పిల్లోడు ఇట్లే పికప్ బండికి నట్టు వదిలినాడు. చెప్పినవాణ్ణి నేనే, పాత అలవాటు కదా. చూపుడువేలి మొదట్లో చిన్న చుక్క. పసుపు పెట్టి పని చేసుకోమన్నా. రాత్రికి చెయ్యి బుట్టంత అయింది. ఆస్పత్రిలో కోసి కడిగారు. వేలు నిలిచింది గానీ పూర్తిగా ముడుచుకోదు. ఇప్పుడు వాడు నా దగ్గరే స్కానర్ పట్టుకుంటాడు, పానా పట్టలేక.

పైన ల్యాప్‌టాప్ తమ్ముడు చెప్పింది నిజం.

పార్ట్స్_కొట్టు_అక్క | గురువారం ఉదయం 11:00

నాది కర్నూలు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు. పానా పట్టలేదు గానీ, కౌంటర్ దగ్గర నిలబడి మెకానిక్‌లను పదిహేనేండ్లుగా చూస్తున్నా. ఎవరు మంచి పనోడో వాళ్లు అడిగే తీరులోనే తెలిసిపోతుంది. ఒకరొచ్చి "అక్కా, క్లచ్ సెట్ ఇయ్యి" అంటారు. ఇంకొకరు పాత ప్లేటు సంచిలో తెచ్చి కౌంటర్ మీద పెట్టి "చూడక్కా, ఒకవైపే అరిగింది, బేరింగ్ కూడా ఇయ్యి" అంటారు. రెండోవాడికి అప్పు ఇస్తాను.

తమ్ముడూ, సామాన్లకు తొందరపడొద్దు. 6-7 నుంచి 30-32 దాకా డబుల్ ఎండ్ సెట్టు ఒకటి, రింగ్ సెట్టు ఒకటి, మంచి కంపెనీవి కొను. చవక పానా బోల్టు తలను గుండ్రంగా చేసేస్తుంది, ఆ తర్వాత దాన్ని వెల్డింగ్ పెట్టి ఊడదీయాల్సిందే. మిగతావి పని అడిగినప్పుడు కొనుక్కోవచ్చు. ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ మాత్రం షెడ్డులో ఉందో లేదో చూసుకుని చేరు. హెడ్ బోల్టులను భుజబలంతో బిగించే షెడ్డు నుంచి గాస్కెట్‌కు మళ్లీ మళ్లీ వస్తుంటారు. నాకు వ్యాపారమే అనుకోండి.

పత్తికొండ_పికప్ | గురువారం మధ్యాహ్నం 12:25

అక్క చెప్పినదానికి నా కథ. నాకు రెండు పికప్‌లు ఉన్నాయి, పత్తికొండ నుంచి టమోటా తోలుతుంటా. పోయిన సీజన్‌లో ఒక బండి లోడు మీద ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ పట్టదు. తోయించుకుని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే ల్యాప్‌టాప్ పెట్టి "రైల్ ప్రెషర్ రావడం లేదు, హై ప్రెషర్ పంపు మార్చాలి" అన్నారు. అప్పటికి టమోటా సగం రసమైంది. పంపు మార్చారు, డబ్బులు కట్టాను. నాలుగో రోజు మళ్లీ అదే.

ఈసారి కోడుమూరు దగ్గర ఒక కుర్రోడిని పిలిచాను. వాడు నాలుగు ఖాళీ నీళ్ల బాటిళ్లు తెమ్మన్నాడు. తాగడానికేమో అనుకున్నా. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి ఒక్కొక్క బాటిల్లో దూర్చి, సెల్ఫ్ కొట్టమన్నాడు. మూడు బాటిళ్లలో అడుగున తడి. మూడో ఇంజెక్టర్ బాటిల్లో మాత్రం నాలుగు వేళ్ల ఎత్తు డీజిల్. "పంపు తోసిందంతా ఈ ఇంజెక్టర్ వెనక్కి వదిలేస్తాంది, ప్రెషర్ యాడ నిలుస్తాది" అన్నాడు. ఒక్క ఇంజెక్టర్ మార్చి, దాని మీద ఉన్న నంబరు స్కానర్‌తో ఎక్కించాడు. అంతే. పంపు డబ్బులు మాత్రం పోయినట్టే.

ల్యాప్‌టాప్_మెకానిక్ | గురువారం మధ్యాహ్నం 1:40

ఈ పోస్టు అందరూ చదవాలి. స్కానర్ అబద్ధం చెప్పలేదు, ప్రెషర్ లేదన్నది నిజమే. ఎందుకు లేదో మాత్రం అది చెప్పదు. కోడు వచ్చింది కదా అని ఆ పేరున్న పార్టు మార్చేసేవాణ్ణి మెకానిక్ అనను. మొదట్లో నేనూ అదే చేశాను, సెన్సార్లు మార్చీ మార్చీ. ఒకసారి నాక్స్ (పొగలోని వాయువు కొలిచే) సెన్సార్ కోడుకు సెన్సార్ మార్చించాను. చూస్తే వైరు చాసిస్‌కు రాసుకుని ఇన్సులేషన్ పోయింది. ఇన్సులేషన్ టేపుతో పోయేది.

డీఈఎఫ్ గురించి కూడా ఒక మాట. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. మనవైపు కొందరు పొలానికి చల్లే యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తున్నారు. లోపల తెల్లగా ఉప్పులా గడ్డకట్టి పోతుంది. కాసేపల్లి టోల్ దాటాక ఆగిన ఒక బండికి డీఈఎఫ్ చల్లే డోజింగ్ నాజిల్ ఊడదీస్తే సున్నపురాయిలా ఉంది, స్క్రూడ్రైవర్‌తో చెక్కాను. ఓనర్ "అదీ యూరియానే, ఇదీ యూరియానే కదన్నా" అన్నాడు.

బోరుబండి_తాడిపత్రి | గురువారం రాత్రి 8:10

ఎవరూ బోరు బండ్ల మాట ఎత్తలేదు. అనంతపురం, కడప వైపు బోర్లు లేనిదే బతుకు లేదు. ఒక్క రిగ్గుకు రెండు ఇంజన్లు: లారీది ఒకటి, కంప్రెషర్‌ది ఒకటి. కంప్రెషర్ ఇంజన్ దుమ్ములో గంటల తరబడి ఫుల్ లోడు మీద తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఒక్కరోజు వదిలేస్తే లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) గీతలు పడతాయి. నేను రిగ్గుతోపాటే తిరిగే మెకానిక్‌ని. జీతం షెడ్డు కంటే బాగుంటుంది, తిండి వాళ్లదే. కానీ ఇల్లు మర్చిపోవాలి. మా పాపకు మూడేండ్లు వచ్చేదాకా నన్ను చూసి ఏడ్చేది.

పెండ్లికి ముందు చేసుకునే పని ఇది. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల క్వారీల్లో టిప్పర్లు, ఎక్స్‌కవేటర్ల పని అయితే షిఫ్టు అయిపోగానే ఇంటికొస్తావు. ఒకటే జాగ్రత్త: టిప్పర్ తొట్టి లేపి కింద పని చేసేటప్పుడు హైడ్రాలిక్‌ను నమ్మొద్దు, ఊత పెట్టి తీరాలి. జాకీ అయినా అంతే, దిమ్మలు పెట్టకుండా బండి కింద దూరొద్దు.

ట్రాక్టర్_మామ | గురువారం రాత్రి 8:45

అల్లుడూ, ట్రాక్టర్‌ను తక్కువ చెయ్యొద్దు. మొదట చెయ్యి కుదరాలంటే ట్రాక్టర్ ఇంజనే మేలు, అన్నీ కంటికి కనబడతాయి. దుక్కుల సీజన్‌లో నిద్ర ఉండదు, వేసవిలో ఈగలు తోలుకోవాలి, ఆ లెక్క ముందే తెలుసుకో. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వాళ్ల వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్ల మరమ్మతు, నిర్వహణ మీద చిన్న కోర్సులు నడుస్తుంటాయి. మా ఊరి రైతులే పోయొచ్చారు.

కువైట్_రిటర్న్_రాయచోటి | శుక్రవారం ఉదయం 6:30

ఎట్లాగూ ఎవరో ఒకరు గల్ఫ్ అంటారు, నేనే చెప్తా. తొమ్మిదేండ్లు కువైట్‌లో జనరేటర్లు, లోడర్ల మీద పని చేసి వచ్చా. పది పాసయ్యావు కాబట్టి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశీ పనికి సర్కారు అనుమతి) గొడవ ఉండదు. కానీ ఖాదిం వీసా మీద పోయి బయట మెకానిక్ పని చేయొద్దు. అది ఇంటిపనికిచ్చే వీసా, గ్యారేజీలో దొరికితే నేరుగా జైలు, ఆ తర్వాత విమానం. కంపెనీ పనికి షూన్ వీసానే కావాలి. నా మొదటి రెండేండ్లు ఆ తప్పుతోనే పోయాయి, పోలీసు బండి కనబడితే లోడర్ కింద పడుకునేవాణ్ణి.

ఐదేండ్లు ఇక్కడ చేసి, చేతిలో సర్టిఫికెట్ ఉన్నప్పుడు ఆలోచించు. అక్కడ ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఆ కాగితమే.

గుత్తి_లోకో_షెడ్ | శుక్రవారం ఉదయం 9:15

రిటైరయ్యాను. గుత్తి డీజిల్ షెడ్డులో 16 సిలిండర్ల ఆల్కో రైలింజన్ల మీద పనిచేశాం, తర్వాత టూ స్ట్రోక్ ఈఎండీ రకం ఇంజన్లు వచ్చాయి. మళ్లీ చదువుకున్నాం. ఆ తర్వాత లైన్లకు కరెంటు వచ్చింది. మళ్లీ చదువుకున్నాం. ఆ తల్లి భయం తప్పేం కాదు. కానీ టిప్పర్లు, బోరు బండ్లు, ట్రాక్టర్లు రేపటికి రేపు కరెంటుకు మారవు. నేర్చుకునేటప్పుడే వైరింగ్ మీద, కరెంటు కొలిచే మల్టీమీటర్ మీద చెయ్యి తిప్పుకుంటే రెండువైపులా పనికొస్తుంది.

నిర్వాహకుడు | శుక్రవారం ఉదయం 9:40

ఫోన్ నంబర్లు, షెడ్డు అడ్రసులు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను. కొట్లాట లేకుండా సాగుతున్న చర్చ, ఇట్లాగే కానివ్వండి.

వెల్దుర్తి_కుర్రోడు | శుక్రవారం రాత్రి 10:05

అందరూ ఇంత రాస్తారనుకోలేదు. మా నాయనకు మొత్తం చదివి వినిపించాను. పత్తికొండ అన్న బాటిళ్ల కథ రెండుసార్లు చదివించుకున్నాడు.

ఐటీఐకి దరఖాస్తు పెడతాను. సీటు వచ్చి క్లాసులు మొదలయ్యేదాకా డోన్ షెడ్డుకు పోతాను, ఆ తర్వాత ఆదివారాలు. మేస్త్రీ ఒప్పుకున్నాడు, "ఆదివారానికి 200 ఇయ్యను, అన్నం మాత్రమే" అన్నాడు. టార్క్ రెంచ్ ఉందా అని అడిగితే కాసేపు నా మొహం చూసి బీరువా తీసి చూపించాడు.

పార్ట్స్_కొట్టు_అక్క | శుక్రవారం రాత్రి 10:20

బీరువాలో పెట్టి తాళం వేశాడంటే వాడతాడన్నమాట. పో. చెప్పులేసుకుని పోవద్దు, బూట్లు కొనుక్కో.

వెల్దుర్తి_కుర్రోడు | సోమవారం రాత్రి 8:50

మొదటి రోజు అయింది. పొద్దుట్నుంచి కడగడమే. పాత లారీ, డీజిల్ ఫిల్టర్, పైపులు ఊడదీసి మళ్లీ బిగించారు. సాయంత్రం ట్రేలో ఒక బోల్టు మిగిలింది. సిగ్గేసి జేబులో వేసుకుని వచ్చేశా. ఎక్కడిదో ఎవరైనా చెప్తారా?

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | సోమవారం రాత్రి 8:58

తల ఎంత? మధ్యలో బెజ్జం ఉందా?

వెల్దుర్తి_కుర్రోడు | సోమవారం రాత్రి 9:01

17 పానా పడుతుంది. అడుగు నుంచి లోపలికి బెజ్జం ఉంది, పక్కన ఇంకో చిన్న బెజ్జం. రాగి వాషర్లు కూడా రెండున్నాయి.

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | సోమవారం రాత్రి 9:02

అది బ్యాంజో బోల్టు, డీజిల్ పైపుది. బండి వెళ్లిపోయిందా?

వెల్దుర్తి_కుర్రోడు | సోమవారం రాత్రి 9:03

లేదు, షెడ్డులోనే ఉంది. తెల్లవారుజామున నాలుగుకు లోడుకు పోవాలంట.

షెడ్డు_మేస్త్రి_అనంతపురం | సోమవారం రాత్రి 9:03

ఇది మూసి మీ మేస్త్రీకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే.